ఒక అంచే ఎందుకు అరుగుతుంది?

ప్రశ్న: మా నాన్న పాత ట్రావెలర్ వ్యాన్ కొని లోపల మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాడు. సెలవులకి అందులోనే తిరుగుతాం. ఎలైన్‌మెంట్ చేయించినా ముందు టైర్లు ఒక అంచునే అరిగిపోతున్నాయి. ఎందుకు? ఇంట్లో మేమే చూసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, దేవరాపల్లి

జవాబు: ముందు మీ చెప్పులు తిరగేసి చూడండి. చాలామందికి మడమ దగ్గర ఒక పక్కే అరిగి ఉంటుంది. అది చెప్పు తప్పు కాదు, అడుగు పడే తీరు. టైరు సంగతీ అంతే. అది నేల మీద ఎలా ఆనుతోందో, ఎటు చూస్తూ దొర్లుతోందో అరుగుదలే చెప్పేస్తుంది.

చక్రం ఎటు చూస్తే అటే దొర్లబోతుంది. ముందు చక్రాలు రెండూ కాస్త లోపలికి చూస్తున్నాయనుకోండి. ఎడమది కుడికి పోదామంటుంది, కుడిది ఎడమకి పోదామంటుంది. మధ్యలో ఇరుసు ఉంది కాబట్టి రెండింటికీ కుదరదు. దాంతో రెండూ దొర్లుతూనే పక్కకి ఈడ్చుకుపోతాయి. రబ్బరును తినేది ఆ ఈడ్పే. అదెంతో లెక్క కడదాం. టైరు ఎత్తు 70 సెంటీమీటర్లు. రెండు టైర్ల మధ్య దూరం వెనక అంచుల దగ్గర కన్నా ముందు అంచుల దగ్గర 3 మిల్లీమీటర్లు తక్కువ. అంటే ఒక్కో చక్రం వాటా ఒకటిన్నర మిల్లీమీటరు. కంటికి ఆనదు. కానీ ఆ వంపుతో కిలోమీటరు తిరిగేసరికి ఒక్కో టైరు రెండు మీటర్లకు పైగా పక్కకి రాసుకుంటుంది. వంద కిలోమీటర్లకు 200 మీటర్లు!

మరి చక్రాల్ని తిన్నగా పెట్టేస్తే పోదా అంటారు. వెనక చక్రాలు తోసే బండిలో ముందు చక్రాల్ని రోడ్డు వెనక్కి నెడుతుంటుంది. కీళ్లలో ఉన్న కాస్త వదులూ ఆ నెట్టుడుకి సాగి, చక్రాలు బయటికి విచ్చుకోబోతాయి. పరుగులో తిన్నగా ఉండాలని, నిలబడి ఉన్నప్పుడు కొంచెం లోపలికి చూసేలా పెడతారు. ఎంతన్నది ఆ బండి పుస్తకంలో ఉంటుంది.

మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఎలైన్‌మెంట్ మెషిన్ కొలిచేది నిలబడిన బండిని. వదులు కొంచెమే ఉంటుందన్న లెక్కతో ఆ అంకె పెడతారు. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆనే కింగ్ పిన్నులు, రెండు చక్రాల్ని కలిపే టై రాడ్ చివరలు, బుష్షులు అరిగిపోతే చక్రం రోడ్డెక్కగానే తన దారి తాను చూసుకుంటుంది. మెషిన్ దగ్గర కనిపించిన అంకె గేటు దాటేదాకే.

మిగతా సగం మీరు లోపల పెట్టించిన ఇల్లు. ట్రావెలర్‌ను బజాజ్ టెంపో 1987లో మెర్సిడెస్ టి1 వ్యాన్ ఆధారంగా తెచ్చింది. ఆ తరం బళ్లలో ముందు కూడా ఒకే ఇరుసు, దాని మీద కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). ప్రయాణికుల బండిలో బరువు ఎక్కుతుంది, దిగుతుంది. ఇంటిబండిలో బరువు దిగదు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దాకా తూగుతుంది. వంటగట్టు, ట్యాంకు, బ్యాటరీ అన్నీ ఒకే పక్క ఉంటే ఆ పక్క కమాన్ కట్ట రాత్రీ పగలూ మోస్తూనే ఉండి కుంగుతుంది. బండి వాలుతుంది, స్టీరింగ్ కడ్డీల కోణం మారుతుంది, గుంత వచ్చినప్పుడల్లా చక్రం తనంతట తనే కాస్త తిరుగుతుంది.

కాబట్టి వరస ముఖ్యం. ముందు గాలి, తర్వాత బరువు, తర్వాత కమాన్లు, కీళ్లు. ఎలైన్‌మెంట్ చివర్న. చాలా చోట్ల ఈ వరస తిరగబడుతుంది, డబ్బు దండగవుతుంది.

ఇంట్లో ఏం చూడొచ్చంటే, చదునైన నేల మీద, ప్రయాణానికి వేసుకునే సామానంతా వేసి, గాలి సరిచేసి బండిని నిలపండి. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు తేడా కూడా కలిసిపోతుంది. ఎత్తుల్లో తేడా వస్తే కుంగిన పక్క సామాను రెండో పక్కకి మార్చి మళ్లీ కొలవండి. సమానమైతే తప్పు సామానుది, కాకపోతే కమాన్ కట్టది.

తర్వాత స్టీరింగ్ తిన్నగా ఉంచి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా రెండు పక్కలా కొలవండి. ఇవి కలవకపోతే ఇరుసు జరిగిందన్నమాట. కమాన్ పట్టీలను కలిపే సెంటర్ బోల్ట్ తెగడం దీనికి మామూలు కారణం. పాడేరు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేయగానే బండి ఒక పక్కకి లాగితే ముందు అనుమానించేవాటిలో ఇదొకటి. బ్రేకు ఒక చక్రానికి పట్టేసినా అలాగే లాగుతుంది. దిగాక ఆ చక్రం మిగతావాటి కన్నా వేడిగా ఉంటుంది.

టైరు మీద అరచెయ్యి అడ్డంగా నిమరండి. బయటి నుంచి లోపలికి నునుపుగా, లోపలి నుంచి బయటికి గరగరగా తగిలితే చక్రాలు మరీ లోపలికి చూస్తున్నాయి. తిరగబడితే బయటికి. గరగర లేకుండా ఒక భుజమే నున్నగా అరిగితే చక్రం నిటారుగా లేక పక్కకి వాలి ఉంది. అది వంగిన ఇరుసో, అరిగిన కింగ్ పిన్నో కావచ్చు.

కీళ్లు చూడడం పెద్దల పని. వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు చక్రం లేపి, ఇరుసు కింద స్టాండు వేశాకే చెయ్యి వెయ్యాలి. ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడితే ఇంకొకరు బ్రేకు తొక్కాలి. ఆట ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆడేది స్టీరింగ్ కీళ్లు.

ఆడేవన్నీ మార్చాక, మంచం, ట్యాంకు నీళ్లతో సహా బండిని ఎలైన్‌మెంట్‌కి తీసుకెళ్లమని నాన్నకి చెప్పండి. కొత్త కమాన్ కట్ట వేయిస్తే కొన్ని రోజులు తిరిగాక, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యు బోల్టుల నట్లు మళ్లీ బిగించాలి. పట్టీలు సర్దుకునేసరికి అవి వదులవుతాయి.