మూత్రపిండంలో హైడాటిడ్ తిత్తి: నిర్ధారణ, చికిత్స

మాంసం దుకాణంలో గొఱ్ఱె కాలేయాన్ని కోస్తున్నప్పుడు ఒక్కొక్కసారి తెల్లని నీటితిత్తి బయటపడుతుంది. అమ్మేవాడు దానిని కత్తిమొనతో తొలగించి, గుమ్మం ముందు కాచుకొని ఉన్న కుక్క వైపు విసరివేస్తాడు. చూచేవారికి ఇది స్వల్ప విషయము. కాని ఈ వ్యాసంలో వివరింపబోయే వ్యాధి మనుగడకు మూలము ఆ విసరుటలోనే ఉన్నది.

ఈ వ్యాధికి కారణము ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు. దీని పొడవు 2 నుండి 7 మిల్లీమీటర్లు మాత్రమే. ఇవి కుక్క ప్రేవులలో వేలకొలది నివసించినప్పటికీ కుక్కకు బాధ అంతగా కనిపించదు. దాని మలముతో వెలువడిన గ్రుడ్లు గడ్డిమీద, నీటిలో, ఆకుకూరలమీద, కుక్క వెండ్రుకలమీద అంటుకొని ఉంటాయి. అవి గొఱ్ఱె కడుపులో పడిన విధంగానే మనిషి కడుపులోనూ పడవచ్చును. గొఱ్ఱె మాంసము తిన్నందువలన ఈ వ్యాధి రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రేవులలో గ్రుడ్డు పగిలి, అందలి పిండము రక్తములో చేరి, తొలుత కాలేయానికి పోతుంది. అత్యధిక భాగము అక్కడే ఆగి తిత్తులుగా పెరుగుతాయి. మరికొన్ని ఊపిరితిత్తులలో చిక్కుకొంటాయి. ఈ రెండు జల్లెడలనూ దాటి మూత్రపిండాన్ని చేరేవి నూటికి రెండు నుండి నాలుగు మాత్రమే.

ఇది మనకు దూరపు వ్యాధి కాదు. కర్నూలు ప్రాంతంలో దీని వ్యాప్తిని గూర్చి 1968లోనే వైద్యులు పరిశోధన వ్యాసము ప్రకటించారు. 2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణ దేశములో ప్రథమ స్థానములోను, ఆంధ్రప్రదేశ్ ద్వితీయ స్థానములోను నిలిచాయి.

మూత్రపిండంలోని తిత్తి ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా పెరుగుతుంది. పిదప నడుము ప్రక్కన మందమైన నొప్పి, చేతికి తగిలే గడ్డ, అప్పుడప్పుడు మూత్రములో రక్తము కనిపించవచ్చును. తిత్తి మూత్రమార్గములోనికి పగిలినచో ద్రాక్షతొక్కల వంటి పలుచని పొరలు మూత్రములో వెలువడతాయి. ఈ లక్షణము కొద్దిమందిలోనే కనిపిస్తుంది. కనిపించినప్పుడు మాత్రము సందేహమునకు తావుండదు. రోగి సిగ్గుపడి వాటిని పారబోయక, శుభ్రమైన సీసాలో ఉంచి వైద్యునికి చూపుట ఎంతో మేలు.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇటలీ వైద్యుడు కసోని ప్రవేశపెట్టిన చర్మపరీక్ష చాలాకాలము వాడుకలో ఉండి, తప్పుడు ఫలితముల వలన మరుగున పడినది. నేడు ముఖ్యాధారము అల్ట్రాసౌండ్. పెద్ద తిత్తిలో పిల్లతిత్తులు తేనెపట్టు గదుల వలె కనిపించినచో నిర్ధారణ సులభము. సి.టి. స్కాన్‌లో తిత్తిగోడలోని సున్నపు పేరుడు కూడా స్పష్టమవుతుంది. రక్తపరీక్ష తోడ్పడుతుందేగాని, అందులో ఏమీ తేలనంత మాత్రాన వ్యాధి లేదనుకొనరాదు. చిక్కంతా ఒకే గది గల తిత్తితోను, గట్టిపడిన తిత్తితోను వస్తుంది. మొదటిది మామూలు నీటితిత్తిని, రెండవది క్యాన్సరును పోలి ఉంటుంది. క్యాన్సరని తలచి మూత్రపిండాన్ని తీసివేసిన పిదప హైడాటిడ్ అని తెలిసిన సందర్భములున్నాయి. అట్లని సూదితో గుచ్చి చూద్దామన్న తొందర మరింత ప్రమాదకరము. ద్రవము లోపల చిందినచో ప్రాణాంతకమైన ఎలర్జీ కలుగవచ్చును. అందులోని క్రిమిబీజములు కొత్త తిత్తులుగా మొలకెత్తవచ్చును.

చికిత్సలో ప్రధానమైనది శస్త్రచికిత్స. దానికి ముందు కొన్నాళ్ళు, తరువాత కొన్ని వారములు ఆల్బెండజోల్ ఇస్తారు. పెద్దలకు సాధారణంగా 400 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుమారులు, కొవ్వు గల ఆహారముతో. వాడినంతకాలము కాలేయమును, తెల్ల రక్తకణములను పరీక్షించుచుండాలి. గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. శస్త్రవైద్యుడు తిత్తి చుట్టూ గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరచి, ఒక్క చుక్క కూడా చిందకుండా ద్రవమును, లోపొరను, పిల్లతిత్తులను తొలగిస్తాడు. పూర్వము మూత్రపిండమునే తీసివేయుట పరిపాటిగా ఉండెడిది. నేడు అది పూర్తిగా పాడైపోయినప్పుడు తప్ప, దానిని నిలుపుటకే ప్రయత్నిస్తున్నారు. మనిషికున్నవి రెండే గదా! సున్నము కట్టి నిర్జీవమైన తిత్తిని కొన్నిసార్లు కదపక, కనిపెట్టి ఉండుటయే చాలును. తిత్తి తిరిగి వచ్చే స్వభావము కలది గనుక కొన్నేళ్ళపాటు స్కానింగు మానరాదు.

ఇక దుకాణము ముందరి కుక్క మాట. దానికి ప్రాజిక్వాంటెల్ మాత్రలు ఏడాదికి కనీసం నాలుగుసార్లు వేయించవచ్చును. విందునాడైనను, పండుగనాడైనను గొఱ్ఱెను కోసినప్పుడు తిత్తి ఉన్న కాలేయమును, ఊపిరితిత్తులను కుక్కలు త్రవ్వలేనంత లోతున పాతిపెట్టించవచ్చును. ఇందుకు కావలసినది ఒక పలుగు, ఒక పార.