రెండుసార్లు కరిగిన పదార్థం

1888లో ప్రాగ్ నగరంలో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్ నుంచి తీసిన ఒక పదార్థాన్ని వేడి చేశాడు. 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కరిగింది. కరిగినా తేటపడలేదు, మబ్బుగానే ఉండిపోయింది. 178.5 డిగ్రీలకు చేరాక గానీ ఆ మబ్బు విడలేదు. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటని ఆయన జర్మనీలోని ఒట్టో లేమాన్‌ను అడిగాడు. లేమాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అది పారుతోంది కాబట్టి ద్రవం. కాంతి దగ్గరికొచ్చేసరికి స్ఫటికంలా నడుచుకుంటోంది. ద్రవ స్ఫటికం అన్న పేరు అలా వచ్చింది. మన బల్ల మీది మానిటర్‌కు మూలపురుషుడెవరంటే నేను ఆ మొక్కల శాస్త్రజ్ఞుడి పేరే చెబుతాను.

తెరగా మారడానికి ద్రవ స్ఫటికానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థ తరఫున జార్జ్ హైల్‌మేయర్ బృందం ద్రవ స్ఫటికపు తెరలను లోకానికి చూపింది. ఇప్పటి మానిటర్ల వంశం మాత్రం 1970 డిసెంబరులో మొదలైంది. స్విట్జర్లాండ్‌లో హాఫ్‌మన్-లా రోష్ అనే మందుల కంపెనీలో పనిచేస్తున్న మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిష్ తమ కొత్త అమరికకు పేటెంటు దరఖాస్తు పెట్టారు. అదే టీఎన్. 1973లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం మామూలు గది వేడిమిలో నిలకడగా ఉండే ద్రవ స్ఫటికాలను తయారుచేశాక ఈ తెరలు వాచీల్లోకి, కాలిక్యులేటర్లలోకి పాకిపోయాయి.

ఈ తెరల్లోని ద్రవ స్ఫటికపు అణువులు పొడుగ్గా ఉంటాయి. వాగులో ఒకే దిక్కుకు తిరిగి తేలిపోయే వెదురు బొంగుల్లా వరసగా సర్దుకుంటాయి. వాటికి సొంత వెలుగు లేదు. వెనక బ్యాక్‌లైట్ వెలుగుతుంటుంది. ముందొకటి, వెనకొకటి, ఒకే దిక్కున ఊగే కాంతిని మాత్రమే వదిలే పోలరైజర్ పొరలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. మధ్యలో ఏమీ లేకపోతే ఆ రెండు పొరలనూ దాటి వెలుగు రాదు. టీఎన్‌లో అణువుల వరస ఒక గాజు పలక నుంచి రెండో పలకకు చేరేలోపు 90 డిగ్రీలు మెలి తిరుగుతుంది, కాంతి కూడా ఆ మెలికను అనుసరించి బయటపడుతుంది. కరెంటు ఇస్తే అణువులు లేచి నిలబడతాయి, మెలిక విడిపోతుంది, ఆ చుక్క నల్లబడుతుంది.

చిక్కంతా సగం కరెంటు దగ్గర వస్తుంది. బూడిదరంగు చూపాలంటే అణువులు సగం లేచి ఒక పక్కకు వాలి ఉండాలి. అప్పుడు ఒక వైపు నుంచి చూసేవాడికి అణువు కొన కనిపిస్తుంది, ఇంకో వైపు వాడికి దాని నిడివి కనిపిస్తుంది. ఇద్దరికీ చేరే వెలుగు ఒకటి కాదు. పాత లాప్‌టాప్ మూత కాస్త వంచగానే మొహాలు నల్లబడి, రంగులు తిరగబడేది ఇందుకే.

ఈ లోపానికి ఒక మందు మన దేశంలో జరిగిన పరిశోధన నుంచి వచ్చింది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్లల ఆకారపు అణువులూ ద్రవ స్ఫటికాలు కాగలవని కనుగొన్నారు. తరవాతి కాలంలో జపాన్‌లోని ఫుజీ సంస్థ అలాంటి అణువులతోనే ఒక పలచని పొర చేసి టీఎన్ తెరలకు అతికించింది, పక్కచూపు బాగా మెరుగైంది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

ఇంకొందరు అమరికనే మార్చేశారు. జర్మనీలో ఫ్రైబుర్గ్ పరిశోధకులు, తరవాత జపాన్‌లో హిటాచీ ఇంజనీర్లు కరెంటు ఇచ్చే ఎలక్ట్రోడ్లు రెండింటినీ ఒకే గాజు పలక మీదికి తెచ్చారు. దాంతో అణువులు లేవవు, పడుకున్న చోటే పక్కకు తిరుగుతాయి. ఎటు నుంచి చూసినా రంగు దాదాపు ఒకటే. 1990ల నడుమ బజారుకొచ్చిన ఈ ఐపీఎస్ ప్యానెల్‌ను ఫొటోలు, ముద్రణ పనులు చేసేవాళ్లు వదలకుండా పట్టుకోవడానికి కారణం ఇదే. దాని బలహీనత నలుపు. చీకటి గదిలో తెర మూలల్లో మసక వెలుగు తేలుతుంది. కాంట్రాస్ట్, అంటే తెలుపు నలుపుల వెలుగుల నిష్పత్తి, సాధారణంగా 1000:1 దగ్గర ఆగుతుంది.

ఆ దశకంలోనే ఫుజిట్సు పదునుపెట్టిన వీఏ అనే అమరిక దీనికి ఎదురు దారి. కరెంటు లేనప్పుడే అణువులు గాజుకు నిలువుగా నిలబడి ఉంటాయి, అందుకే నలుపు చిక్కగా ఉంటుంది. 3000:1 మామూలే. రాత్రిపూట దీపాలార్పి సినిమా చూసేవారికి నేను దీన్నే చెబుతాను. అయితే నలుపు నుంచి ముదురు బూడిదకు మారేటప్పుడు అణువులు బద్ధకిస్తాయి. వేగంగా కదిలే ఆటల్లో నీడల వెనక మరకలు లాగినట్టు కనబడతాయి. టీఎన్ విషయానికొస్తే, ఇప్పుడు ధర ఒక్కటే చూసుకుని దాన్ని కొనడం నాకు సమ్మతం కాదు. చవక ఐపీఎస్ కూడా కంటికి దానికంటే మేలు.

రిజల్యూషన్, అంటే తెరలో ఎన్ని చుక్కలున్నాయన్న లెక్క, దాని కథ వేరే దారిలో నడిచింది. 2001లోనే ఐబీఎం టీ221 అనే 22.2 అంగుళాల మానిటర్ తెచ్చింది. 3840×2400, అంటే 92 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. అంగుళానికి 204 చొప్పున. అన్ని చుక్కలను ఒక్క కేబుల్ తగినంత వేగంగా మోయలేక ఒకటికి మించి కేబుళ్లు తగిలించాల్సి వచ్చేది. సామాన్యుడి బల్ల మీదికి ఆ చిక్కదనం రావడానికి పదేళ్ల పైనే పట్టింది.

దుకాణంలో 1920×1080, 2560×1440, 3840×2160 అన్న అంకెలు కనిపిస్తాయి. తెర కొలతతో కలిపి చూడకపోతే వాటికి అర్థం లేదు. 1920×1080 తెర 24 అంగుళాలదైతే అంగుళానికి 92 పిక్సెళ్లు, 27 అయితే 82 మాత్రమే. డబ్బెక్కువ పెట్టి అక్షరాన్ని మొరటు చేసుకోవడమే ఇది. అదే 27 అంగుళాల్లో 2560×1440కి 109, 3840×2160కి 163 వస్తాయి. మంచి చూపున్న కన్ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి అంగుళానికి దాదాపు 145 చుక్కల దాకా విడదీసి చూడగలదు. కాబట్టి 163 దగ్గర చుక్క మాయమై గీత మిగులుతుంది.

తెలుగు చదివేవారికి ఇది మరీ ముఖ్యం. ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ తేడా అడుగున చిన్న గీత. దాని కింద ఒత్తు, పైన గుడి వస్తే ఒక్క అక్షరం మూడంతస్తులవుతుంది. అంగుళానికి 82 చుక్కల తెర మీద చిన్న సైజు ఫాంటులో ఆ ఒత్తు ముద్దవుతుంది. రోజంతా తెలుగు టైపు చేసేవారు, ప్రూఫులు దిద్దేవారు, సెకనుకు ఎక్కువసార్లు బొమ్మ మార్చే రిఫ్రెష్ రేటు కోసం పెట్టే అదనపు డబ్బును పిక్సెళ్ల మీద పెడితే కంటికి సుఖం. 27 అంగుళాల 4కే (3840×2160) ఐపీఎస్ తీసుకుని, అక్షరాలను పెద్దవి చేసే స్కేలింగ్ 150 శాతం పెట్టుకోవచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే 24 అంగుళాల 1080 ఐపీఎస్ చాలు. 27 అంగుళాల 1080 జోలికి మాత్రం పోవద్దు.

కొనేముందు దుకాణంలో తెర మీద ఒక తెలుగు పేజీ తెరిపించి, మామూలుగా కూర్చునే దూరం నుంచి ఒత్తులు చదవండి. తరవాత పూర్తి నల్లటి బొమ్మ పెట్టించి పక్కకు జరిగి చూడండి. ఎక్కడ వెలుగు కారుతోందో అక్కడే తెలిసిపోతుంది.