పిల్లల చదువుకి ట్యాబ్లెట్టా, ల్యాప్‌టాపా?

ఆగస్టు నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో కొత్త బూట్లు, కొత్త సంచీలతో పాటు కొత్త కంప్యూటరు సంగతి కూడా చర్చకి వస్తుంది. ఇంట్లో ఇంజనీరు ఉంటే ప్రాసెసరు వేగం గురించి, డాక్టరు ఉంటే పిల్లల కళ్ళ గురించి మాట్లాడతారు. పిల్లలు మాత్రం స్నేహితుల దగ్గర ఏది ఉందో అదే కావాలంటారు. చదువు దగ్గర పిసినారితనం పనికిరాదని, చివరికి కొట్లో ఉన్నవాటిలో ఖరీదైనదానివైపే మొగ్గుతాం. ఇన్ని మాటల మధ్య అడగవలసిన రెండు ప్రశ్నలు మరుగున పడిపోతాయి. మన పిల్లల బడిలో ఏది నడుస్తుంది? కొన్నది ఎన్నాళ్ళు నడుస్తుంది?

ఈ ప్రశ్నల విలువ తెలియాలంటే ఈ దేశపు అనుభవమే చాలు. 1980లలో ఒంటారియో విద్యాశాఖ బడుల కోసమే ప్రత్యేకంగా ఒక కంప్యూటరు చేయించింది. దాని పేరు ఐకాన్. 1984 నుంచి బడులకు చేరింది. ఆ రోజుల్లో ఇక్కడ చదువుకున్న మనవాళ్ళ పిల్లలకు కీబోర్డులోనే అమర్చిన బంతి గుర్తుండే ఉంటుంది. దాన్ని చేత్తో దొర్లిస్తే తెరమీద బాణం కదిలేది. తరగతిలోని యంత్రాలన్నీ ఒక పెద్ద యంత్రానికి తీగలతో కలిపి ఉండేవి. పాఠాలూ, పిల్లలు చేసిన పనీ ఆ పెద్దదానిలోనే దాగేవి. ఆ కాలానికి అది వెనకబడిన యంత్రమేమీ కాదు, కొన్ని విషయాల్లో తోటివాటికన్నా ముందున్నదే. కొనే బోర్డులకు ప్రభుత్వం ఖర్చులో అధికభాగం భరించింది కూడా. అయినా 1994లో విద్యాశాఖ దాన్ని వదిలేసింది. అప్పటికి ఆఫీసుల్లోనూ ఇళ్ళల్లోనూ వేరే రకం కంప్యూటర్లు పాతుకుపోయాయి. ఐకాన్ కోసం రాసిన పాఠాలు వాటిమీద నడవవు, వాటి ప్రోగ్రాములు దీనిమీద నడవవు.

ఈ కథకి రెండో భాగం ఉంది. ఐకాన్‌ని నడిపించిన మూల ప్రోగ్రాము క్యూఎన్‌ఎక్స్. వాటర్లూ విశ్వవిద్యాలయంలో చదివిన ఇద్దరు విద్యార్థులు దాన్ని తయారుచేసి, ఆటవా పక్కనున్న కనాటాలో కంపెనీ పెట్టారు. బ్లాక్‌బెర్రీ ఫోన్లు చేసిన రిసెర్చ్ ఇన్ మోషన్ 2010లో ఆ కంపెనీని కొనుక్కుంది. అదే ప్రోగ్రాముతో ప్లేబుక్ అనే ట్యాబ్లెట్టు తయారుచేసి 2011 ఏప్రిల్‌లో అమ్మకానికి పెట్టింది. మొదటి ధర 499 డాలర్లు. 2013లో, తమ కొత్త ఫోన్లలోని బ్లాక్‌బెర్రీ 10 ప్రోగ్రాము ప్లేబుక్‌కి రాదని ప్రకటించారు. కొన్నవాళ్ళ చేతిలో యంత్రం బాగానే ఉంది, దానికి ముందుదారే లేకుండా పోయింది. ఆ క్యూఎన్‌ఎక్స్ మాత్రం ఈనాటికీ కోట్ల కార్లలో నిక్షేపంగా పనిచేస్తోంది. వస్తువు మంచిదైనంత మాత్రాన మన పనికి నిలుస్తుందని నమ్మకం లేదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఇక కొనే సంగతి. కొట్టుకి వెళ్ళేముందు బడికి ఒక ఉత్తరం రాయండి, లేదా టీచరుగారిని అడగండి. పిల్లల పని గూగుల్ ఖాతాలో జరుగుతోందా, మైక్రోసాఫ్ట్ ఖాతాలోనా? ఇంటి నుంచి యంత్రం తెచ్చుకోనిస్తారా? బడే అరువిస్తుందా? కెనడాలో చదువు రాష్ట్రాల చేతిలో ఉంది గనుక కాల్గరీలో ఉన్న బంధువుల సలహా టొరాంటోలో పనికిరాకపోవచ్చు. చిన్న తరగతులవాళ్ళకి చాలాచోట్ల సొంత యంత్రమే అవసరం లేదు. హైస్కూలు సంగతి వేరు. ఒంటారియోలో 2020 సెప్టెంబరు నుంచి తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ళు పట్టా కోసం రెండు కోర్సులు ఆన్‌లైనులో చదవాలి, తల్లిదండ్రులు వద్దని రాసిస్తే తప్ప. ఫోనుతో సరిపెడదామంటే కుదరదు. 2024 సెప్టెంబరు నుంచి టీచరు అనుమతి లేనిదే తరగతిలో ఫోను తీయకూడదు.

తరవాత చూడవలసింది, పిల్లలు చేసే పని చదవడమా, రాయడమా అన్నది. ట్యాబ్లెట్టు అంటే మన పలకే. లెక్కలు చేతితో చేయడానికి, బొమ్మలు గీయడానికి, పుస్తకాలు చదవడానికి దానికి సాటిలేదు. నాలుగు పేజీల వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు మాత్రం కీబోర్డు కావాలి. ట్యాబ్లెట్టుకి కీబోర్డూ, పెన్సిలూ విడిగా కొంటే మొత్తం ల్యాప్‌టాపు ధరకి చేరుతుంది. పైగా ఏ ఐప్యాడుకి ఏ పెన్సిలు సరిపోతుందో చూసుకోవాలి, అన్నీ అన్నింటికీ అతకవు. తొమ్మిదో తరగతి దాటినవాళ్ళకి ఒకే వస్తువు కొనదలిస్తే ల్యాప్‌టాపే నయం.

అది ఎన్నాళ్ళు నడుస్తుందన్నది ధరచీటీ మీద ఉండదు. బడి పని అంతా గూగుల్‌లో జరిగితే క్రోమ్‌బుక్ చవకలో సరిపోతుంది. కాని ప్రతి క్రోమ్‌బుక్‌కీ గడువు తేదీ ఉంటుంది. 2021 నుంచి వచ్చిన రకాలకి పదేళ్ళు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది. ఆ పదేళ్ళూ మనం కొన్ననాటి నుంచి కావు, ఆ రకం మొదట మార్కెట్టులోకి వచ్చిన నాటి నుంచి. సేల్‌లో సగం ధరకి వస్తోందంటే ముందు ఆ తేదీ చూడండి. అలాగే నాన్నగారి ఆఫీసు నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాపు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సుమారు 2018కి ముందు వచ్చిన యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 పట్టదు. పట్టేదైతే పాతదే పిల్లలకివ్వడంలో చిన్నతనమేమీ లేదు.

తొమ్మిదో తరగతిలోనే యూనివర్శిటీకి కూడా కలిసొస్తుందని రెండువేల డాలర్ల యంత్రం కొనకండి. నాలుగేళ్ళలో అది పాతబడుతుంది, ఈలోగా పిల్లల మనసూ మారుతుంది. మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదనే నడుస్తుంది. అక్కడికి ఖరీదైన ఆపిల్ యంత్రంతో వెళితే ఇబ్బందే. సీటు వచ్చాక ఆ శాఖవారు ఏం కావాలో చెబుతారు, అప్పుడు కొనవచ్చు.

ఈ దేశానికే ప్రత్యేకమైన చిన్న సంగతి ఒకటుంది. ఇక్కడ అమ్మే ల్యాప్‌టాపుల్లో కొన్నింటికి ఇంగ్లీషు, ఫ్రెంచి కలిసిన కీబోర్డు ఉంటుంది. ఎడమవైపు షిఫ్టు మీట పొట్టిగా ఉంటుంది. ఫ్రెంచి ఇమ్మర్షను పిల్లలకి అది సుఖమే, మిగతావాళ్ళు కొట్లోనే వేళ్ళు పెట్టి చూసుకోవాలి. తెలుగుకి మాత్రం ఏ యంత్రమైనా ఫరవాలేదు. అన్నింటిలోనూ తెలుగు అక్షరాలు ఉన్నాయి. కొన్న రోజే తెలుగు కీబోర్డు కూడా పెట్టించండి. తాతగారికి, అమ్మమ్మగారికి నాలుగు ముక్కలు తెలుగులో రాయడానికి అదే మొదటి మెట్టు.

ఈ మధ్యనే వచ్చి ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న కుటుంబాలకి ఒక మాట. ప్రభుత్వ కార్యాలయాలు మార్చేసిన కంప్యూటర్లను బాగుచేసి బడులకూ, గ్రంథాలయాలకూ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 1993 నుంచి నడుస్తోంది. కంప్యూటర్స్ ఫర్ స్కూల్స్ అని దాని పేరు. తరవాత తక్కువ రాబడి కుటుంబాలకూ దాన్ని విస్తరించారు. బడి ఆఫీసులో అడగండి. అడగడం నామోషీ కాదు. యంత్రం లేక పిల్లలు హోంవర్కు చేయలేక, ఆ సంగతి చెప్పుకోలేక తరగతిలో కూర్చోవడం కన్నా అది ఎంతో మేలు.

ఆఖరుగా, అందరికీ వర్తించే పని ఒకటుంది. పిల్లలు రాసిన కథలూ, వ్యాసాలూ, చేసిన ప్రాజెక్టులూ ఈ రోజుల్లో బడి ఖాతాలోనే ఉంటున్నాయి. బోర్డు మారినా, చదువు ముగిసినా ఆ ఖాతా మూసేస్తారు. అందులోవన్నీ దానితోనే పోతాయి. ప్రతి జూన్‌లో బడి మూసే ముందు పిల్లలతో కూర్చుని వాటిని సొంత ఖాతాలోకో, ఒక చిన్న డ్రైవులోకో దించుకోండి. గంటసేపు పడుతుంది. ఆ సంవత్సరం వాళ్ళేం నేర్చుకున్నారో మనకీ అప్పుడే తెలుస్తుంది.