కాగితం మీద గ్రాఫిటీ: మన పేరు, మన అక్షరం

పళ్లెం మారిపోకుండా మేకుతో వెనక పేరు గీసుకోవడం, ట్రంకు పెట్టె మీద పెయింటుతో పేరు రాయించుకోవడం హాస్టల్ పిల్లలకు కొత్త కాదు. ఇలా పేరు రాసుకునే పనినే అమెరికాలో పేదవాడల పిల్లలు ఒక కళగా మార్చారు. దానినే గ్రాఫిటీ అంటారు.

1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో, ఆ వెంటనే న్యూయార్క్‌లో ఇది ఊపందుకుంది. వేసినవాళ్లలో చాలామంది నల్లజాతి, పోర్టోరికో కుటుంబాల పిల్లలు. ఉత్తరాలు, పార్శిళ్లు అందించే పని చేసే ఒక గ్రీకు కుటుంబం కుర్రాడు వెళ్లిన చోటల్లా ‘టాకి 183’ అని రాసేవాడు. 183 అతని వీధి నంబరు. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతని గురించి రాసింది. ఇక చూడండి, నగరమంతా పిల్లలు మార్కర్లు పట్టుకున్నారు. వాళ్లు రాసింది పార్టీ నినాదం కాదు, సినిమా హీరో పేరు కాదు. తమ పేరే రాసుకున్నారు. నన్ను కట్టిపడేసింది ఈ విషయమే.

మా ఇంట్లో పేరంటే రేషన్ కార్డు మీద ఎవరో రాసేది. మా అమ్మ మల్లమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. అందుకే గ్రాఫిటీ పద్ధతిలో నేను మొదట వేసిన పేరు అమ్మదే. ఇక్కడ ఉదాహరణగా కూడా ఆ పేరే తీసుకుంటున్నాను.

మరి కాగితం ఎందుకు? గ్రాఫిటీ కళాకారులు కూడా ముందు కాగితం మీదే వేసుకునేవారు. ఆ నోటుపుస్తకాన్ని ‘బ్లాక్‌బుక్’ అంటారు. రాత్రి రైలు యార్డులో వెలుతురూ తక్కువే, సమయమూ తక్కువే, కాబట్టి ఆలోచన అంతా పుస్తకంలోనే జరగాలి. ఒకరి పుస్తకంలో మరొకరు వేసి ఇవ్వడం స్నేహానికి గుర్తు. ఈక్వెడార్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన ‘లేడీ పింక్’ అనే అమ్మాయి 1979లో, మగపిల్లలే ఎక్కువగా ఉన్న ఈ రంగంలోకి దిగి నిలబడింది. చెల్లెళ్లు గమనించాలి. రైళ్ల మీద రాయడం అక్కడ నేరమే. 1989 మే నెలలో రాతలున్న చివరి రైలును కూడా నడపడం ఆపేశారు. మన దగ్గరా అనుమతి లేకుండా గోడలు పాడుచేయకూడదని 1997లో చట్టం వచ్చింది. కాగితానికి ఆ గొడవ లేదు, వార్డెన్ సారుతో మాటా పడక్కర్లేదు.

ఇక వేసే పద్ధతి. పాత క్యాలెండర్ వెనకవైపు చాలు. నోటుపుస్తకం కాగితం పల్చన, స్కెచ్ పెన్ను రంగు అవతలికి దిగిపోతుంది. పెన్సిల్‌తో ‘మల్లమ్మ’ అని పెద్దగా, తేలికగా రాయండి. అక్షరానికీ అక్షరానికీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంచండి. ఇది ఎముకల గూడు అనుకోండి. ఇప్పుడు ప్రతి గీత చుట్టూ రెండు వైపులా మరో గీత గీస్తూ పోతే అక్షరానికి కండ పడుతుంది. ఉబ్బిన అక్షరాలు పక్కవాటిని తాకుతాయి. అక్కడ ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు ఉన్నట్టు చూపండి. వెనక ఉన్నదాని గీతలు చెరిపేయాలి. లోపలి ఎముకల గీతలు కూడా రంగు వేయకముందే చెరపాలి, తర్వాత పోవు.

బెలూన్‌లా ఉబ్బిన అక్షరాలకు 1970ల మొదట్లో బ్రాంక్స్ ప్రాంతానికి చెందిన ‘ఫేజ్ 2’ పేరు తెచ్చాడు. ఇంగ్లీషులో ‘ఏ’, ‘ఈ’, ‘టీ’ అన్నీ నిలువు, అడ్డం, ఏటవాలు గీతలు. వాటిని ఉబ్బించడానికి కష్టపడాలి. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. పైగా మనకు తలకట్టు ఉంది. దాని కొసను కొంచెం సాగదీసి పదును పెడితే గ్రాఫిటీలో కనిపించే బాణం గుర్తే అవుతుంది. ఒత్తులైతే ఇంకా మేలు. ‘మల్లమ్మ’లో కిందికి దిగిన ల-ఒత్తును సాగదీసి పక్కనున్న మ-ఒత్తు కిందికి పోనిస్తే రెండూ చేతులు పట్టుకున్నట్టుంటాయి. ఇలాంటి వసతి ఇంగ్లీషు అక్షరాలకు లేదు!

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. లావు చేసేటప్పుడు సందులు మూసుకుపోతాయి. ‘ప’ పైన నోరు తెరుచుకుని ఉండాలి, మూసుకుంటే ‘వ’ అయిపోతుంది. న్యూయార్క్‌లో ‘వైల్డ్‌స్టైల్’ అనే పద్ధతిలో బయటివాళ్లు చదవలేనంతగా అక్షరాలను మెలితిప్పుతారు. అది వాళ్ల ఇష్టం. నా మటుకు మొదట్లో అది వద్దంటాను. మన పేరు నలుగురూ చదవాలనే కదా వేస్తున్నాం.

రంగులు మూడు చాలు. లేతరంగు ముందు, ముదురు తర్వాత. స్కెచ్ పెన్నుతో ఒకేచోట పదేపదే రుద్దితే కాగితం నూగులేస్తుంది. నీడ ఎప్పుడూ ఒకే వైపు పడాలి. వెలుగు ఎడమ పైనుంచి వస్తోందనుకుంటే ప్రతి అక్షరానికీ కుడివైపు, కింద మందంగా నలుపు పెట్టండి. నల్లటి అంచు గీత అన్నిటికన్నా చివర, రంగు బాగా ఆరాక. మెరుపు కోసం పై వంపుల దగ్గర వైట్‌నర్ చుక్క ఒకటి.

అయ్యాక గోడపత్రిక బోర్డు మీద పిన్ను గుచ్చి, పది అడుగులు వెనక్కు వచ్చి, ఐదో తరగతి తమ్ముణ్ణి పిలిచి చదవమనండి. ఎక్కడ తడబడ్డాడో ఆ అక్షరం మళ్లీ వేయాలి.