ఎర్రర్ వస్తే డిస్క్ పోయినట్టేనా?

లాగ్‌లో ఐ/ఓ ఎర్రర్ కనబడితే చాలు, "డిస్క్ పోయింది, మార్చేయండి" అనేస్తున్నారు. సర్వర్ రూముల్లో ఇంత నష్టం చేస్తున్న మాట ఇంకొకటి లేదు. అప్పటికే ఒక డిస్క్ చచ్చిన రెయిడ్-5లో ఈ మాట నమ్మి, బాగున్న ఇంకో డిస్క్ లాగితే వాల్యూమ్ మొత్తం ఆగిపోతుంది.

2008లో ఫాస్ట్ అనే స్టోరేజ్ సదస్సుకు వచ్చిన ఒక పరిశోధన సుమారు 39 వేల స్టోరేజ్ సిస్టమ్‌లను, 18 లక్షల డిస్కులను 44 నెలలపాటు పరిశీలించింది. సిస్టమ్ రకాన్ని బట్టి వైఫల్యాల్లో డిస్కుల వాటా 20 నుంచి 55 శాతం. కేబుళ్లు, షెల్ఫ్‌లు వంటి అనుసంధానాల వాటా 27 నుంచి 68 శాతం. రోడ్డు తెగితే ఊరు మునిగిందని ఎవరూ అనరు కదా!

లాగ్‌లో ఆ ఎర్రర్ లైన్ పూర్తిగా చదవండి, దయచేసి. 'మీడియం ఎర్రర్' అని ఉంటే డిస్క్‌ను అనుమానించండి. 'డిఐడీ నో కనెక్ట్', 'ట్రాన్స్‌పోర్ట్ డిస్రప్టెడ్' అని ఉంటే ముందు డిస్క్‌కు వెళ్లే పాత్ సంగతి చూడండి. మల్టీపాత్ లిస్టులో మూడో హోస్ట్ కింద ఉన్న పాత్‌లన్నీ 'ఫెయిల్డ్ ఫాల్టీ' అని, అవే ఎల్‌యూఎన్‌లు నాలుగో హోస్ట్ కింద 'యాక్టివ్ రెడీ' అని చూపిస్తే డిస్కులకేమీ కాలేదు. లోపం హెచ్‌బీఏ, ఎస్‌ఎఫ్‌పీ, కేబుల్, స్విచ్ పోర్టులలో ఎక్కడో ఉంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ హోస్ట్ సీఆర్‌సీ ఎర్రర్ల కౌంట్ చూడండి, పది నిమిషాలాగి మళ్లీ చూడండి. పాత అంకె ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. పెరుగుతుంటే ఫైబర్ కొనలు శుభ్రం చేయండి. అయినా పెరుగుతూనే ఉంటే కేబుల్, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌పీ మార్చండి. ఒకేసారి రెండూ మారిస్తే దోషం దేనిదో ఎప్పటికీ తేలదు.

స్మార్ట్ 'పాస్' అంటే డిస్క్ భేషుగ్గా ఉన్నట్టా? కాదు. 2007లో గూగుల్ పరిశోధకుల అధ్యయనంలో చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా స్మార్ట్‌లో ఏ హెచ్చరికా ఇవ్వలేదు. ఇలాంటి ఉత్త భరోసాలు ఇంకా ఉన్నాయి. రెండు కేబుళ్లున్నా రెండూ ఒకే స్విచ్‌కి వెళ్తే అది పోయిన రోజు రెండు పాత్‌లూ పోతాయి. రెయిడ్ ఉంది కదా అని ధీమా వద్దు, అది బ్యాకప్ కాదు.

'రీబూట్ చేస్తే పోతుంది' అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. పాత్‌లన్నీ పోయి ఐ/ఓ క్యూలో ఇరుక్కుంటే ప్రాసెస్‌లు డీ స్టేట్‌లో ఉండిపోతాయి, కిల్ మైనస్ 9కి కూడా కదలవు. మల్టీపాత్ క్యూయింగ్ ఆపినా చలనం లేకపోతే రీబూటే గతి. కానీ కెర్నల్ లాగ్ అయిన డీమెసేజ్ ఉండేది మెమరీలో, రీబూట్‌తో అది పోతుంది. ముందు దాన్ని వేరే మిషన్‌లోకి కాపీ చేయండి, ఎందుకంటే మీ లాగ్ ఫోల్డర్ ఆ పోయిన పాత్ మీదే ఉండొచ్చు.

అన్నీ చూశాక డిస్కే మార్చాలని తేలితే లొకేట్ లైట్ వెలిగించి, సీరియల్ నంబర్ ఇద్దరు సరిచూసుకున్నాకే ట్రే మీద చేయి వేయండి.