చెరువు పంపే అంకెలు

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే దొరవారిసత్రం వైపు ఊళ్లలో పిల్లలు తలెత్తి చూస్తారు. కంటికి ఆనని పని ఇంకొకటి అప్పుడే జరుగుతుంటుంది. రాకెట్ తన ఒంటి వేడిని, లోపలి పీడనాన్ని అంకెలుగా మార్చి రేడియో తరంగాల మీద నేలకు పంపుతూ పోతుంది. ఇదే టెలిమెట్రీ. 1971 అక్టోబరు 9న ఆ దీవి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అలా అంకెలు పంపే పని ఇవాళ కొన్ని వందల రూపాయల బోర్డు కూడా చేస్తుంది.

మన బడులకు ట్యాబులు, పెద్ద తెరలు వచ్చాయి, మంచిదే. కానీ తెర మీద చెరువును చూడటం కన్నా ఊరి చెరువును కొలవడంలోనే సైన్సు ఎక్కువుందని నా నమ్మకం.

తూము దగ్గర గట్టి కొయ్యకు అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించామనుకోండి. సెకనుకు 40 వేల కంపనాలతో, మన చెవికి అందని శబ్దాన్ని నీటి మీదికి వదిలి, ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని ధ్వని వేగంతో గుణించి సగం చేస్తే నీరెంత దిగువనుందో తెలుస్తుంది. ఆ అంకెను లోరా అనే, తక్కువ కరెంటుతో దూరం చేరే రేడియో క్లాసు గదికి చేరవేస్తుంది.

అసలు పాఠం మిట్టమధ్యాహ్నం మొదలవుతుంది. వాన చుక్క లేదు, కాలువ పారలేదు. అయినా చెరువు అయిదు సెంటీమీటర్లు పెరిగినట్టు అంకె వస్తుంది! గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినకొద్దీ ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 346 మీటర్లున్నది 40 డిగ్రీలకు 355 అవుతుంది. ప్రోగ్రాంలో 346 అనే రాసి ఉంటే, రెండు మీటర్ల దూరం 1.95గా కనబడుతుంది. పక్కన ఉష్ణోగ్రత సెన్సర్ కూడా పెట్టి, లెక్క సరిదిద్దిన పిల్ల ఆ సూత్రాన్ని ఇక మరచిపోదు.

6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం నీతి ఆయోగ్ నడిపే అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల ఉద్దేశమే ఇలాంటి పని. ల్యాబ్ దక్కిన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు వస్తుంది. ఆ సామాను బీరువాలోంచి గట్టు మీదికి రావాలి.

దొరవారిసత్రం మండలంలోనే నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉంది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండాక, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. అక్కడ పరికరాలు పెట్టి పక్షులను బెదరగొట్టకూడదు. బడి దగ్గరి చెరువు చాలు. అక్టోబరు వానలకు ముందే సెన్సర్ బిగించి, నేలపట్టులో తొలి గూడబాతు దిగిన రోజున తమ చెరువులో నీరెంతుందో పిల్లలు పుస్తకంలో రాసుకోవాలి. మరుసటి ఏడూ రాయాలి, ఆ పై ఏడూ.