పెద్ద చేతికి పాత ఎలక్ట్రిక్ గిటార్: కొన్ని విశేషాలు

చెయ్యి పెద్దదైతే పొడుగు గిటార్ కొనుక్కోవాలని చెప్పేవాళ్లకు కొదవ లేదు. టేపు పట్టి చూస్తే ఆ మాట నిలవదు. నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో 648 మి.మీ., గిబ్సన్ లెస్ పాల్‌లో సుమారు 628. అంటే తేడా ముప్పావు అంగుళం. అదీ ఒక్కచోట ఉండదు, ఫ్రెట్లన్నిటికీ పంచుకుపోతుంది. మొదటి ఫ్రెట్ స్ట్రాట్‌లో నట్‌కు 36.4 మి.మీ. దూరంలో ఉంటే లెస్ పాల్‌లో 35.3 దగ్గర ఉంటుంది. ఇక 21, 22 ఫ్రెట్ల మధ్య ఎడం రెండింటిలోనూ 11 మి.మీ. లోపే. లావు వేలికి అక్కడ ఎలాగూ ఇరుకే. అయినా తీగ ఎంత మేర మోగాలో తేల్చేది బ్రిడ్జి వైపు ఫ్రెట్ కాబట్టి, వేలు వెనకాల ఎంత చోటు ఆక్రమించినా స్వరం తప్పదు. ముందు ఫ్రెట్ మీదికి ఎక్కితేనే మూగబోతుంది.

అసలు ఇబ్బంది అడ్డంగా వస్తుంది. తీగకూ తీగకూ మధ్య ఎడం చాలక, ఒక తీగ నొక్కబోతే వేలి కండ పక్క తీగను తాకి దాని నోరు నొక్కేస్తుంది. అందుకే పాత గిటార్ బేరానికి వెళ్లేటప్పుడు ముందు అడగాల్సింది నట్ వెడల్పు. మన దగ్గర చేతులు మారే గిటార్లలో తరచు కనిపించే యమహా పసిఫికా 112కు అది 41 మి.మీ. లెస్ పాల్‌కు 43. క్లాసికల్ గిటార్‌కు 52 దాకా ఉంటుంది. కాగితం మీద 2 మి.మీ. లెక్కలోకి రానట్టే ఉంటాయిగానీ, సి కార్డ్ పట్టిన లావు వేళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. అమ్మేవారిని నట్ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపమనడంలో మొహమాటం అక్కర్లేదు.

పాతదైతే వెడల్పుగా ఉంటుందన్న నమ్మకం ఒకటుంది. కానీ 1965 ప్రాంతంలో గిబ్సన్ తన నట్‌ను సుమారు 43 మి.మీ. నుంచి 40కి కుదించేసింది. ఆ దశాబ్దం చివరిదాకా అదే తంతు. చూడముచ్చటైన అరవైల నాటి గిటార్‌ను లక్షలు పోసి కొని, ఇరుకు నెక్ మీద వేళ్లు మడత పెట్టుకోలేక బాధపడేవాళ్లుంటారు.

అదే కాలపు ఫెండర్ నెక్‌ను బాడీ నుంచి విప్పితే అడుగున ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి కనిపించవచ్చు. అవి నట్ వెడల్పుకు గుర్తులు. బి అంటే మామూలు ఒకటిన్నర అంగుళం మీద రెండు వీసాలు, అంటే 41 మి.మీ. పైచిలుకు. డి అంటే దాదాపు 48. డి రకం చాలా అరుదు. ఇప్పటి ప్రకటనల్లో సి, యు, వి అని రాసేది మాత్రం నెక్ వెనక వంపు ఆకారం గురించి. ఈ రెండు సి లకూ సంబంధం లేదు. అమ్మేవాళ్లలోనే సగంమంది వీటిని కలగలిపేస్తారు.

వెనక వంపు గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే పెద్ద చేతులవాళ్లు పట్టించుకోనిది ఇదే. ఐబనేజ్ విజర్డ్ నెక్‌లు పలుచదనానికి పేరుపడ్డాయి, కొన్ని మొదటి ఫ్రెట్ దగ్గర 17 మి.మీ. మందమే. 1959 నాటి లెస్ పాల్‌లు 22, 23 దాకా ఉంటాయి. వెడల్పు సరిపోయినా నెక్ మరీ పలుచనైతే పెద్ద అరచేతికి ఆసరా దొరకదు. బొటనవేలు ఊరికే బిగుసుకుని కాసేపటికే మొదలు నొప్పి పెడుతుంది. 1960కి వచ్చేసరికి గిబ్సన్ నెక్‌ను సన్నం చేసింది. ఆ రెండు తరహాలూ ఇప్పటికీ నడుస్తున్నాయి: 2019 నుంచి వస్తున్న లెస్ పాల్ స్టాండర్డ్‌లో యాభైల రకం లావు, అరవైల రకం సన్నం. పాతది కొనేటప్పుడు పేరు పక్కన ఏ దశకం అంకె ఉందో చూస్తే చాలు, సగం పని అయిపోతుంది. నా ఓటు యాభైలకే.

పెద్ద చేతికి వెడల్పు నెక్ కావాలన్న మాటకు మాత్రం గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ సంగతి అడ్డం తిరుగుతుంది. ఆయన చేతులు పెద్దవి. వాయించింది మామూలు వెడల్పు స్ట్రాట్, అదీ కుడిచేతివాళ్ల కోసం చేసినదాన్ని తిరగేసి. బొటనవేలిని నెక్ పైనుంచి తెచ్చి లావు తీగ నొక్కేవాడు. మిగతా నాలుగు వేళ్లకు అలా తీరిక దొరికేది. ఈ పద్ధతికి వెడల్పు నెక్ అడ్డొస్తుంది. కాబట్టి గిటార్ చూడబోయే ముందు మీ బొటనవేలు ఎక్కడుంటుందో ఒకసారి గమనించుకోండి. వెనక ఆనితే వెడల్పు వెతకాలి, పైకి ఎక్కితే ఇరుకే మేలు.

పొడుగు తీగలే కావాలనుకునే భారీ మనుషులకూ ఉదాహరణ ఉంది. ముఖానికి ముసుగు, నెత్తిన చికెన్ బకెట్‌తో వాయించే బకెట్‌హెడ్ పేరు మీద గిబ్సన్ 27 అంగుళాల తీగ పొడవుతో ఒక లెస్ పాల్ తెచ్చింది. అది శ్రుతి దించి వాయించే బారిటోన్ గిటార్. మామూలు పాటలకు దాన్ని కొనడం దండగ.

పెద్ద అరచేతికి పై ఫ్రెట్ల దగ్గర బాడీ అడ్డుపడుతుంటే ఎస్‌జీ చూడాలి. 1961లో గిబ్సన్ లెస్ పాల్ ఆకారాన్నే మార్చి తెచ్చిన మోడల్ అది. రెండు వైపులా లోతుగా కోత ఉంటుంది.

ఫెండర్ తరహా గిటార్లలో నెక్ సాధారణంగా నాలుగు మరలతో బిగించి ఉంటుంది, కాబట్టి నచ్చకపోతే విప్పి వేరేది వేయొచ్చు. 1970లో ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్‌లోని షో-బడ్ దుకాణంలో ఆరు పాత స్ట్రాట్లు కొన్నాడు. మూడింటిని జార్జ్ హారిసన్, పీట్ టౌన్‌షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకు ఇచ్చేసి, మిగిలిన మూడింటి భాగాలు కలిపి ‘బ్లాకీ’ని తయారు చేసుకున్నాడు. ఆ అతుకుల బొంత 2004లో క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. అంత డబ్బు అక్కర్లేకుండానే ఆ కిటుకు మనకూ పనికొస్తుంది: అమెరికాలోని వార్మాత్ సంస్థ 48 మి.మీ.కు దగ్గరగా ఉండే నట్‌తో నెక్‌లు విడిగా అమ్ముతుంది. గిబ్సన్ నెక్ జిగురుతో అంటించి ఉంటుంది, దానికి ఈ సదుపాయం లేదు.

నెక్ మార్చేదాకా వెళ్లక్కర్లేని మందు కూడా ఉంది. గిటార్ రిపేరు చేసేవాళ్లతో కొత్త నట్ వేయించి, గాళ్లను కొంచెం అంచులకు జరిపిస్తే తీగల మధ్య ఎడం పెరుగుతుంది. మరీ అంచుకు జరిపితే మాత్రం సన్న తీగ నెక్ మీంచి జారిపోతుంది.

గిబ్సన్‌ల తలకట్టు 17 డిగ్రీల వాలుతో వెనక్కి వంగి ఉండటంతో, కింద పడితే అక్కడే విరుగుతుంది. విరిగి అతికించినవి చాలా చవగ్గా దొరుకుతాయి. అతుకు బాగా పడితే వాయించేవాడికి నష్టమేమీ లేదు, పోయేది మళ్లీ అమ్మేటప్పటి ధరే. కాకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర కార్డ్ పట్టినప్పుడు పెద్ద అరచెయ్యి ఆ అతుకు దాకా వెళ్తుంది. చేత్తో నిమిరి చూస్తే గరుకో, గట్టో తగులుతోందంటే బేరం ఇంకాస్త కిందికి లాగొచ్చు.